సైకిలు వస్తేనే ఉద్యోగం

ఎస్సెస్సెల్సీ పాసైన ఏడాది మా ఇంట్లో నా గురించి రెండే మాటలు నలిగేవి. నర్సా, టీచరా? జమ్మలమడుగులో మిషను కాంపౌండు పక్కనే మా ఇల్లు. నాయన మిషను బడిలో పంతులు. మా వాళ్లలో ఆడపిల్ల చదువుకుంటే ఆసుపత్రికో బడికో పోవాల్సిందే. మూడో దారి ఒకటి ఉంటుందని ఎవరికీ తోచలేదు. అప్పటికి ఇంకా ఆంధ్ర రాష్ట్రమే, కర్నూలే మాకు రాజధాని.

ముందు ఆసుపత్రికి తీసుకుపోయారు. ఒక పూట ఉండి చూసి, ఇష్టమైతే ట్రైనింగుకు రాద్దువులే అన్నాడు నాయన. పెద్ద నర్సమ్మ నా చేతికి పళ్లెం ఒకటిచ్చి డాక్టరు పక్కన నిలబెట్టింది. ఎదురుగా బల్ల మీద ఒక రైతు కూర్చున్నాడు. పాదం మీద నిమ్మకాయంత సెగ్గడ్డ. డాక్టరు కత్తి తీయడం చూశాను, అంతే. మళ్లీ కళ్లు తెరిచేసరికి నేను మంచం మీద ఉన్నాను. కాలికి కట్టు కట్టించుకున్న ఆ రైతే పక్కన కూర్చుని తువ్వాలుతో నాకు విసురుతున్నాడు.

"కోసింది నా కాలు గదా పాపా, నువ్వెందుకు పడిపోతివి?" అని అడిగాడు పాపం, నిజంగానే అర్థం కాక.

దాంతో నర్సు మాట పోయింది. టీచరు మిగిలింది. రాజుపాలెం వైపు ఒక పల్లెలో పంతులమ్మ కాన్పుకు పోతే, ఆమె వచ్చేదాకా ఒకటో తరగతి చూసుకొమ్మని నన్ను పంపారు. నాది చిన్న గొంతు. మొదటి రోజు ఒకడు లేచి "ఒంటికి" అన్నాడు. పొమ్మన్నాను. వెనకనే ఇంకొకడు లేచాడు, ఆ వెనక ఇంకో పిల్ల. అడిగిన వాళ్లనందరినీ పొమ్మంటూనే ఉన్నాను, పసిపిల్లలు గదా అని. కొంతసేపటికి గదిలో నేనూ నల్లబల్లా మిగిలాం. పెద్దపంతులు వచ్చి చూసి, బడి వెనక శెనక్కాయ చేలోకి నడిచాడు. తరగతి మొత్తం అక్కడుంది. కాయలు పీకి తింటోంది. నేను కూడా వెనకే పోయి నిలబడితే ఒక పిల్ల నాకూ గుప్పెడు పెట్టింది. పంతులమ్మ తిరిగి రాగానే అందరికన్నా సంతోషించింది పెద్దపంతులే.

ఇంటికొచ్చి కూర్చున్నాను. నాయన నన్ను చూసినప్పుడల్లా నిట్టూర్చేవాడు. చివరికి అమ్మే అంది, "పొద్దుటూరులో మీ అత్త దగ్గరికి పంపుదాం. ఆమె ఊరికే కూచోనీదు." అత్త అంటే నాయనకు అక్క. మామ పోయాక కుట్టుమిషను ఒకటి పెట్టుకుని రవికెలు కుట్టి బతికేది. సన్నగా, పొడుగ్గా ఉండేది, ఎప్పుడూ మెడలో కొలతల టేపు. ఆఫీసర్ల ఇళ్లలో ఆడవాళ్లు, పత్తి మిల్లుల వాళ్లు, బంగారం అంగళ్ల వాళ్లు అందరూ రవికెలకు ఆమె దగ్గరికే వచ్చేవారు. కొలతలిచ్చేటప్పుడు చేతులు చాపి కదలకుండా నిలబడాలి కాబట్టి ఏదో ఒకటి మాట్లాడతారు. అందువల్ల ఏ ఆఫీసులో ఏ కుర్చీ ఖాళీ కాబోతోందో ఊరందరికన్నా ముందు మా అత్తకే తెలిసేది.

పోయిన రోజే నాకు చెప్పింది. "చూడమ్మీ. పని కావల్లంటే కనపడినోళ్లందరికీ చెప్పల్ల. కడుపులో పెట్టుకుంటే ఎవురికి తెలుస్తాది? అడగందే అమ్మయినా పెట్టదంటారు, సర్కారోళ్లు పెడతారా?"

నాకు అడగాలంటే నోరు రాదు. ఆ పని కూడా ఆమే చేసింది. వచ్చిన ప్రతి ఆమెకు నన్ను చూపించి, "మా తమ్ముని కూతురు. చదువుకునింది. రగతం చూస్తే పడిపోతాది. పిల్లోళ్లు దీని మాట ఇనరు. ఇంక ఏ పనైనా చేస్తాది. యాడన్నా ఉంటే చెప్పండి" అనేది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఒక రోజు ఏడుపొచ్చి, "నా గురించి మంచి చెప్పొచ్చు గదత్తా" అన్నాను.

"మంచే చెప్తే ఎవురికీ గుర్తుండదు. అందరూ మంచోళ్లే గదా! రగతం చూసి పడిపోయిన పిల్ల అంటే ఇంటికి పోయి మొగునికి కూడా చెప్తారు" అంది దారం పళ్లతో కొరుకుతూ.

అదే జరిగింది. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక ఆఫీసరు భార్య తన రవికె తీసుకోవడానికి వచ్చి, "ఏమండీ, రక్తం చూడక్కర్లేని ఉద్యోగం ఒకటుందటండీ" అంది. పల్లెలను బాగు చేయడానికి సర్కారు కొత్తగా బ్లాకు ఆఫీసులు పెడుతోందట. పులివెందులలో గ్రామసేవికలను తీసుకుంటున్నారట. పల్లెపల్లెకూ పోయి ఆడవాళ్లను కూడేసి పొగరాని పొయ్యిలు, కోళ్ల పెంపకం, పిల్లల తిండి గురించి చెప్పాలి. "పిల్లలకు పాఠాలు చెప్పల్నా?" అని అడిగింది అత్త. అక్కర్లేదంది ఆమె. అత్త ఆ రవికెకు కూలి తీసుకోలేదు.

అర్జీ పెట్టాను, పిలుపు వచ్చింది. ఇంటర్వ్యూకు ముందు అత్త నన్ను తయారు చేసింది. మామ కళ్లజోడు పెట్టుకుని, గుడ్డలు కత్తిరించే బల్ల వెనక కూర్చుని, గొంతు బొంగురు చేసి ప్రశ్నలు వేసేది. "కోడి గుడ్డెందుకు పెట్టడం ల్యా?" అని ఒకటి. నాకు నవ్వొచ్చేది. "నవ్వుతే ఉద్యోగం రాదు. చెప్పు!" అని గద్దించేది. తెలియదు అంటే మాత్రం కోప్పడేది కాదు. "తెల్వనిది తెల్వదను. కానీ ఆడ ఆపొద్దు. తెల్వదు, నేర్చుకుంటా అను. మొదటి మాట అందరికీ వస్తాది, రెండో మాటే ఎవురికీ రాదు."

పులివెందులకు అత్తే బస్సులో వెంట వచ్చింది. ముద్దనూరు దాటాక ఎర్రమట్టి దుమ్ముకు ఇద్దరం ఒకే రంగుకు వచ్చాం. దిగగానే ఆమె తడిగుడ్డతో నా మొహం తుడిచి, తన మొహం మర్చిపోయింది. ఆఫీసు వసారాలో నాలాంటి ఆడపిల్లలు ఇంకొందరు కూర్చుని ఉన్నారు. లోపల ముగ్గురు పెద్దమనుషులు. అడిగిన వాటిలో కొన్ని చెప్పాను. కోళ్ల గురించి అడుగుతారేమోనని ఎదురు చూశాను, అడగలేదు. చివర్లో, మధ్యలో కూర్చున్న లావుపాటి ఆఫీసరు, "సైకిలు వచ్చునా అమ్మా?" అన్నాడు. "పల్లెలకు బస్సులు లేవు. సైకిలు వస్తేనే ఈ ఉద్యోగం."

నేను సైకిలును ముట్టుకుని కూడా ఎరుగను. "రాదు సార్" అన్నాను. రెండో మాట తోసుకుంటూ అదే వచ్చింది. "నేర్చుకుంటా సార్. ఒక నెల ఇయ్యండి."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "నీకన్నా ముందు వచ్చిన వాళ్లంతా వచ్చన్నారే?"

ఆయనకు ఏమనిపించిందో, అందరినీ బయటికి పిలిచి బంట్రోతు సైకిలు తెప్పించాడు. వచ్చన్న వాళ్లను ఒక్కొక్కరినే తొక్కమన్నాడు. ఒకామె తన సైకిలు వేరే రకం అంది. ఒకామె చెప్పులు సరిగా లేవంది. అన్నిటికన్నా ధైర్యం ఒక పిల్లది. సైకిలు హ్యాండిలు పట్టుకుని ఆఫీసు చుట్టూ దర్జాగా నడిపించుకుని వచ్చి, స్టాండు వేసి, "వచ్చినా సార్" అంది. బంట్రోతుతో సహా అందరం నవ్వాం, ఆ పిల్ల కూడా నవ్వింది. ఆఫీసరు మా అందరికీ నెల గడువు ఇచ్చి, ఇదే ఆవరణలో తొక్కి చూపించమన్నాడు.

ప్రొద్దుటూరులో అత్తకు తెలిసిన ఒక సాయిబు సైకిళ్లు అద్దెకిచ్చేవాడు. ఆయన కూతుళ్ల బట్టలన్నీ అత్తే కుట్టేది. సంగతి విని గడ్డం నిమురుకుంటూ, "ఆడపిల్లకు సైకిలేందక్కా?" అన్నాడు.

"సైకిలు వస్తేనే ఉద్యోగమంట అప్పా. మేం చేసిన రూలా?"

సర్కారు రూలనేసరికి ఆయన మెత్తబడ్డాడు. తుప్పు పట్టిన పాత సైకిలొకటి తీసి, చైనుకు నూనె పోసి ఇచ్చాడు. మగవాళ్ల సైకిలు, నడుమ బారు ఉంది. చీరతో కాలు అటువైపు వేయడమే ఒక పరీక్ష. పత్తి మిల్లు ముందు బయలు ఉండేది. తెల్లారగానే అక్కడికి పోయేవాళ్లం. నేను ఎక్కేదాన్ని, అత్త వెనక క్యారియరు పట్టుకుని పరుగెత్తేది, మెడలో టేపు ఎగురుతుండేది. సాయిబు పక్కన నిలబడి, "కింద చూడొద్దు బేటీ! ముందర చూడు! కింద చూస్తే కిందికే పోతావు!" అని అరిచేవాడు. నేను కిందే చూసేదాన్ని, కిందికే పోయేదాన్ని.

వారమైనా రాలేదు. అత్తకు విసుగొచ్చింది. "ఇంత సిన్న పనికి ఇంత రాద్ధాంతమేంది? ఇట్ల తే" అని సైకిలు లాక్కుని, కుచ్చిళ్లు ఎగదోపి ఎక్కింది. నాకు చేసి చూపించాలని ఆమె ఉద్దేశం. ఒక ఊపు ఊపి పోయింది, ఒరిగింది, నిలదొక్కుకుంది, మళ్లీ పోయింది. మిల్లు కూలీలు పని ఆపి చూస్తున్నారు. జుట్టు నెరుస్తున్న మనిషి, చెక్కుచెదరకుండా బయలంతా ఒక చుట్టు చుట్టి వచ్చి కాలు ఆనించి దిగింది. "ప్రభువా!" అని మాత్రం అంది, ఆశ్చర్యంగా తన కాళ్లకేసి చూసుకుంటూ. ఆ రోజు నుంచి మా ఇద్దరిలో సైకిలు కోసం పోటీ. నాకు నేర్పాలనే సంగతి ఆమె అప్పుడప్పుడు మర్చిపోయేది.

ఆ రోషంతో నాకూ వచ్చింది. ఒక పొద్దున ఆమె చేయి వదిలిన సంగతి నాకు తెలియలేదు. తెలిసేసరికి ఎదురుగా పత్తి బండి ఉంది. ఆపడం ఇంకా నేర్చుకోలేదు. నేరుగా పోయి పత్తిలో మెడ దాకా దిగబడ్డాను. ప్రొద్దుటూరులో పడాలంటే అంతకన్నా మెత్తటి చోటు లేదు. బండివాడు నన్ను లాగి, నెత్తిన అంటుకున్న దూది తీస్తూ, "ఇదేం పనమ్మా, నా ఎద్దులు బెదురుతాయి గదా" అని మాత్రం అన్నాడు. దెబ్బ తగల్లేదు. కానీ అప్పటి నుంచి దిగాలంటే భయం పట్టుకుంది. ఎక్కడం వచ్చింది, తొక్కడం వచ్చింది. దిగడానికి మాత్రం అత్తో సాయిబో వచ్చి పట్టుకోవాలి.

గడువు రోజు వచ్చింది. పులివెందుల ఆఫీసు ముందు నేను సైకిలెక్కాను. మిగతా పిల్లల్లో తిరిగి వచ్చింది ఇద్దరే. ఆఫీసరు వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒక చుట్టు చుట్టాను. "భేష్" అన్నాడు. ఇంకో చుట్టు చుట్టాను. "చాలమ్మా, దిగు" అన్నాడు. నేను ఆయన ముందు నుంచే మళ్లీ పోయాను. ఇంకోసారి వచ్చేసరికి లేచి నిలబడ్డాడు.

"చాలంటే వినవేమమ్మా! దిగు!"

"దిగేది రాదు సార్!" అని అరుస్తూ పోయాను.

అత్త కొంగు దోపి పరుగందుకుంది. బంట్రోతు అడ్డం వచ్చాడు. ఆఫీసరు కూడా మెట్లు దిగి చేతులు చాపుకుని వచ్చాడు. ముగ్గురూ కలిసి సైకిలును పట్టుకున్నారు. ఆయన ఆయాసపడుతూ, చెమట తుడుచుకుంటూ, "దిగేది కూడా నేర్చుకుంటావా?" అని అడిగాడు. "నేర్చుకుంటా సార్" అన్నాను. ఆయనకు నవ్వు ఆగలేదు. నన్ను ట్రైనింగుకు రాసేశారు.

ట్రైనింగు అయి పులివెందుల బ్లాకులోనే చేరేనాటికి దిగడం కూడా వచ్చింది. మొదట్లో పల్లెల్లో నేను చెప్పేది వినడానికి ఎవరూ రాలేదు. సైకిలు తొక్కే ఆడమనిషిని చూడటానికి వచ్చారు. నేను కూడా తెలివి నేర్చి, సైకిలును పొగరాని పొయ్యి పక్కనే నిలబెట్టేదాన్ని. సైకిలు చూడాలంటే పొయ్యి చూడక తప్పదు. పని పెరిగింది. ఆఫీసులో ఎవరూ ఒప్పుకోని పని వస్తే నేను పోతాననేదాన్ని, అందువల్ల అన్ని పనులూ తెలిశాయి. పరీక్షలు రాశాను. మొదటిసారి పోయింది, మళ్లీ రాశాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు గ్రామసేవికల మీద అజమాయిషీ చేసే ముఖ్యసేవికనయ్యాను. జీపులో తిరగమన్నారు. అది ఎక్కువగా మెకానిక్ దగ్గరే ఉండేది కాబట్టి సైకిలు మీదే తిరిగాను.

ఆ రోజుల్లోనే మహిళా మండలిలో కుట్టుపని నేర్పేందుకు ఒక మనిషి కావాలని బ్లాకు వాళ్లు ప్రకటించారు. అత్తకు చెప్పాను. సిఫార్సు చేయమంటుందేమోనని భయపడ్డాను. "నువ్వు ఆ గదిలో ఉండొద్దు. నవ్వుతావు" అంది. తనంతట తాను అర్జీ రాయించుకుని ఇంటర్వ్యూకు వచ్చింది. లోపల ఏం జరిగిందో బంట్రోతు తర్వాత చెప్పాడు. ఏం చదివినావమ్మా అంటే, "మూడో క్లాసు. ఇంగ్లీషు రాదు, నేర్చుకుంటా" అందట. వయసు ఎక్కువ కదా, పల్లెలు తిరగగలవా అంటే, బయటికి వచ్చి, వసారాలో ఉన్న నా సైకిలెక్కి ఆఫీసు చుట్టూ తిరిగి చూపించిందట.

ఉద్యోగం ఇచ్చారు. చేరిన రోజు సాయంత్రం నా గదికి వచ్చి, కుర్చీలో కూలబడి, చెప్పులు విడిచి, కాళ్లు నొక్కుకుంది. కొత్త ఉద్యోగం గురించి ఏమంటుందోనని చూస్తున్నాను.

"అమ్మీ," అంది గొంతు తగ్గించి, "దీంట్లో లీవు ఎట్ల పెట్టల్లో చెప్పు."