ఆడపిల్లల బల్ల

వానలు మొదలవగానే మా బడి మెట్ల మీద ప్యూను తడి గోనెసంచి పరుస్తాడు, పిల్లల కాళ్ల బురద లోపలికి రాకుండా. ఆ తడిసిన జనుము వాసన తగిలితే చాలు, భవానీపూర్‌లోని ఈ ఆడపిల్లల బడిలో టీచర్నన్న సంగతి మరిచిపోయి, ఇదే నగరంలో ఓడరేవు పక్కనున్న ఖిదిర్‌పూర్ తెలుగు బడిలో ఎనిమిదో తరగతి రత్నాన్ని అయిపోతాను. మా అయ్య డాక్‌లో ఓడల నుంచి బస్తాలు దించేవాడు. ఆడపిల్లల బల్లకి మేకులు లేచి పరికిణీలు చిరుగుతుంటే, ఆయన తెచ్చిన గోనె ఒకటి నేనే దాని మీద పరిచాను. కిటికీలోంచి జల్లు కొట్టినప్పుడల్లా అది తడిసి ఇదే వాసన వేసేది.

పాపారావు మాస్టారి గురించి చెప్పాలంటే ఆ బల్ల దగ్గరే మొదలుపెట్టాలి. ఆయనంత బాగా లెక్కలు చెప్పినవాళ్లని నేను మళ్లీ చూడలేదు. కరెంటు పోయి గది చీకటైనా పాఠం ఆపేవారు కాదు, లెక్క నోటితో చెప్పి మా చేత మనసులోనే చేయించేవారు. "తప్పు లెక్కని చెరపకే రత్నం. తప్పెక్కడ పడిందో అక్కడ సున్నా చుట్టు. చెరిపేస్తే రేపు మళ్లీ అదే తప్పు సేస్తావు" అనేవారు. తరగతి నిండా మగపిల్లలు, మేం ఐదుగురం. అయినా లెక్క ముందుగా వచ్చేది నాకే. "ఎనిమిది పాసవనీ, మీ అయ్యతో నాను మాటాడతాను. ఆడా మగా కలిసి సదివే పెద్దబళ్లో సైన్సులో చేరుద్దువు గాని" అన్నారు ఒకరోజు. ఆ ఏడాదంతా ఆ మాట పట్టుకునే బతికాను.

ఆ మాస్టారే, మగపిల్లాడికి లెక్క రాకపోతే బెత్తం తీసేవారు కాదు. "పోరా, పోయి ఆడపిల్లల బల్ల మీద కూకో. సిగ్గుంటే రేపటికి లెక్కొస్తాది" అనేవారు. తరగతంతా గొల్లుమనేది. మేమూ నవ్వేవాళ్లం, అదే ఇప్పటికీ నాకు మింగుడుపడదు. ఒకసారి ఉండబట్టలేక, "మాస్టారూ, మరి నాకు తప్పొస్తే నన్నెక్కడ కూకోబెడతారు?" అని అడిగాను. ఆయన పకపకా నవ్వి, "నీకు తప్పేటి, రాదు" అన్నారు. మెచ్చుకున్నారనుకుని మురిసిపోయాను, పిచ్చిదాన్ని.

ఆ ఆషాఢంలో సింహాచలం అనే కుర్రాడు శిక్ష కింద వారం రోజులు నా పక్కన కూర్చున్నాడు. మొదటిరోజు ఏడుపు మొహంతో బల్ల చివర, సగం గాల్లో ఉన్నాడు. మూడోరోజు నా నోటుబుక్కులోకి తొంగిచూసి, "ఇదెలాగొచ్చినాది?" అన్నాడు. చెప్పాను. వారం తిరిగేసరికి వాడికి లెక్కలు రావడం మొదలైంది. అది ఎవరి కంటా పడలేదు. కొడుక్కి అన్నం క్యారేజీ ఇవ్వడానికొచ్చిన మా పక్కింటి నూకాలమ్మ పిన్ని కిటికీలోంచి చూసింది ఒకటే, నా పక్కన మగపిల్లాడు. సాయంత్రానికి ఆ కబురు డాక్ గేటు దాకా పాకింది.

మర్నాడు మా అయ్య పని మానుకుని బడికొచ్చాడు. ఊరేగింపుల్లో ఆయనా మాస్టారూ పక్కపక్కనే ఎర్రజెండాలు పట్టుకుని, మనుషులంతా సమానమేనని గొంతు చించుకునేవాళ్లే. "మా గుంట పక్కన గుంటడేటి మాస్టారు బాబూ? వాడికక్కడేటి పని?" అన్నాడు అయ్య. నేను మాస్టారి మొహమే చూస్తున్నాను. శిక్ష వేసి నేనే కూర్చోబెట్టానని ఆయన ఒక్క మాటంటే సరిపోయేది. కాని ఎందుకని అడిగితే, నీ కూతురి పక్కన చోటే మా బడిలో శిక్ష అని ఒప్పుకోవాలి. ఆయన చేతిలో సుద్దముక్కని బల్ల మీద పెట్టి, "ఎందుకొచ్చిన గొడవ ఎంకట్రావూ, ఎదిగిన పిల్ల. ఆడపిల్లల బళ్లో ఏసెయ్" అన్నారు. నా కోసం మాట్లాడతానన్న మనిషి మాట్లాడింది అదొక్కటే.

వేసేశారు. ఆడపిల్లల బడి చెడ్డదని అనను. అక్కడ గొంతెత్తి మాట్లాడడం నేర్చుకున్నాను, నా పక్కన కూర్చోవడం ఎవరికీ శిక్ష కాలేదు. కాని పది దాటితే అక్కడ సైన్సు లేదు, లెక్కలు లేవు. ఆడపిల్లలకి ఇన్ని లెక్కలెందుకని పెద్ద దీదీయే, అంటే మా హెడ్మిస్ట్రెస్సే, నవ్వుతూ అనేది. ఈరోజు నేను ఐదో తరగతి దాకా కూడికలూ భాగహారాలూ చెప్పుకుంటున్నాను. సింహాచలం సైన్సు చదివి బజ్ బజ్ చమురు డిపోలో ఇంజనీరయ్యాడు. వాడి మీద నాకు కోపం లేదు. లేదంటే అబద్ధం, కొంచెం ఉంది.

చాలా ఏళ్లకి ఖిదిర్‌పూర్ బజార్లో మాస్టారు ఎదురయ్యారు, చేతిలో కూరల సంచీతో. "రత్నం! టీచరమ్మవయినావంట. నా పేరు నిలబెట్టినావు" అని పొంగిపోయారు. "ఆ రోజు మా అయ్యకి నిజం ఎందుకు చెప్పలేదు మాస్టారూ?" అన్నాను. "ఏ రోజమ్మా?" అన్నారు. నటన కాదు, నిజంగానే గుర్తులేదు. నా బతుకు తిరిగిపోయిన పూట ఆయనకి మామూలు పూట. అయినా ఆయన సంచీ అందుకుని రిక్షాలో పెట్టి వచ్చేశాను.

ఇప్పటికీ పిల్లల తప్పు నేను కొట్టెయ్యను, సున్నా చుడతాను. అది ఆయనిచ్చిందే. ఇంకోటి కూడా ఇచ్చారని కిందటివారం తెలిసింది. కబుర్లు ఆపని ఒక పిల్ల మీద విసుగెత్తి, "లే, పోయి మిఠూ పక్కన కూర్చో" అన్నాను. మిఠూ లెక్కలు అసలు రాని పిల్ల. తరగతంతా గొల్లుమంది. ఇక్కడ ఒక్క మగపిల్లాడూ లేడు. మిఠూ కూడా నవ్వింది. నవ్వుతూనే తన సంచీ తీసి ఒళ్లో పెట్టుకుని, పక్కకి జరిగి చోటిచ్చింది.