పిడికిలి దిగని పరుపు

మా నాన్న కుట్టిన పరుపు మీద పిడికిలి పెట్టి నొక్కితే మణికట్టు దాకా దిగాలి. దిగకపోతే ఆ రోజు ఆయనకు అన్నం సయించేది కాదు. జగ్గయ్యపేటలో దూదేకే ఇళ్ళు మరికొన్ని ఉన్నా, పెనుగంచిప్రోలు నుంచీ వీరులపాడు నుంచీ బండి కట్టుకుని వచ్చేవాళ్ళు మా వాకిట్లోనే ఆగేవాళ్ళు. ముఖ్యంగా పసిపిల్లల పరుపుల కోసం. పురుడు పోసుకున్న కూతుర్ని బిడ్డతో అత్తవారింటికి పంపేటప్పుడు చిన్న పరుపు, తలకింద ఒక దిండు, అటూ ఇటూ రెండు దిండ్లు ఇచ్చి పంపడం అప్పటి మర్యాద. బండి దిగగానే వియ్యపురాలు చేసే మొదటి పని ఆ పరుపును పిడికిలితో నొక్కి చూడటం. దిగిందా సరే, దిగలేదా ఆ కోడలికి ఏడాది పొడుగునా దెప్పుళ్ళే.

పసిపిల్లల పరుపులకు నాన్న మామూలు పత్తి వాడేవాడు కాదు. బూరుగు దూది తెప్పించి, గింజన్నది లేకుండా ఏరించి, దూదేకే విల్లు నారి తగిలీ తగలనట్టు కొట్టి పొంగించేవాడు. గలేబులు కుట్టడం అమ్మ పని. దబ్బనంతో టాకాలు వేయడం నా పని. దగ్గరగా వేస్తే దూది అణిగిపోతుందని దూరదూరంగా వేయించేవాడు. పదేళ్ళకే నా చూపుడు వేలు కాయ కాసింది, దాన్ని చూసుకుని నాకు గొప్ప గర్వం కూడా.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన ఏడాది, నా తరువాత పదేళ్ళకు, తమ్ముడు పుట్టాడు. వాడి కోసం నాన్న కుట్టిన పరుపు లాంటిది అంతకు ముందు కుట్టలేదు, ఆ తరువాతా కుట్టలేదు. వాడికి మూడో నెల నిండాక ఒక మధ్యాహ్నం అమ్మ వాణ్ణి దాని మీద పక్కకు తిప్పి, వీపుకు దిండు ఆనించి పడుకోబెట్టి, వాకిట్లో కూర్చుని గలేబు కుట్టుకుంటోంది. పొయ్యిలోకి నిప్పు కోసం వచ్చిన పక్కింటి అత్త లోపలికి తొంగిచూసి, జమీందారులా పడుకున్నాడు నీ కొడుకు అని నవ్వి వెళ్ళింది. పాలివ్వడానికి అమ్మ లోపలికి వెళ్ళేసరికి వాడు బోర్లా పడి ఉన్నాడు. ముఖం పరుపులో కూరుకుపోయింది. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉందని అమ్మ ఎన్నో ఏళ్ళు చెప్పుకుని ఏడ్చింది.

దిష్టి అన్నారు అందరూ. ఎవరి దిష్టో వేరే చెప్పక్కర్లేదు. నాన్న ఆ పరుపును అటక మీదికి ఎక్కించాడు. రెండిళ్ళ మధ్య ఉన్న సందును తాటాకు దడి కట్టి మూసేశాడు. అంతవరకూ పక్కింటి అత్త చేతి జొన్నరొట్టె తినకుండా నాకు పొద్దు గడిచేది కాదు. ఆ రోజు నుంచి ఆవిడ ఎదురైతే మొహం తిప్పుకున్నాను. చిన్నపిల్లను కదా అని నన్ను నేను సమర్థించుకోను. ఎనిమిదేళ్ళు అలాగే తిప్పుకున్నాను.

నన్ను నందిగామ ఇచ్చారు. తొలిచూలు ఆడపిల్ల. పిల్లకు మూడో నెలలో నాన్న పరుపుతో సహా అత్తవారింట్లో దిగాను. మా అత్తగారి పిడికిలి మణికట్టు దాటి దిగింది, నా తల ఒక జానెడు పైకి లేచింది. వారం తిరక్కముందే పసిపిల్లలను చూడటానికి ఆస్పత్రి నుంచి నర్సమ్మ వచ్చింది. ఇంటింటికీ నడిచి తిరిగే సన్నటి మనిషి, మాటలు తక్కువ. ఆవిడా పరుపు మీద చెయ్యి పెట్టింది. మెచ్చుకుంటుందనుకున్నాను. బిడ్డను తీసి నా చేతుల్లో పెట్టి, ఆ పరుపులో నా ముఖం ఆనించి ముప్పై లెక్కపెట్టమంది.

నవ్వుతూనే వంగాను. పది కాకముందే గుడ్డ ముక్కుకు అతుక్కుంది. నోరు తెరిస్తే నోటికీ అదే. దిగ్గున లేచాను.

"నీకు మెడ ఎత్తే బలం ఉంది కాబట్టి లేచావు. దానికుందా?" అంది నర్సమ్మ.

అప్పుడు నాకు మా తమ్ముడు గుర్తొచ్చాడు. అక్కడే కూర్చుని, జరిగిందంతా ఆవిడకు చెప్పాను. ఆవిడ తొందరపడి తీర్పు చెప్పలేదు.

"చూడకుండా ఇదీ అని చెప్పలేనమ్మా. కానీ చూపు తగిలి ఊపిరాగిన బిడ్డను నేనింతవరకూ చూడలే. పక్కలో మొహం కూరుకుపోయిన బిడ్డల్ని చూశా."

చాప మీద రెండు మడతల బొంత చాలంది. దాని మీద వెల్లకిలా పడుకోబెట్టమంది. దిండ్లన్నీ తీసేయించింది. నిద్రపోతోందని మొహం మీద పైట కప్పే నా అలవాటు మాన్పించింది. బిడ్డను నా మంచం పక్కనే ఉంచుకోవాలి గానీ పక్క మాత్రం వేరేగా ఉండాలంది. మా అత్తగారు సణిగింది. నేను బొంత పరిచేశాను.

మర్నాడే చంకలో పిల్ల, నెత్తిన పరుపుతో బస్సెక్కి జగ్గయ్యపేటలో దిగాను. నాన్న విల్లు పట్టుకుని దూది ఏకుతున్నాడు. ఎదురుగా కూర్చుని నర్సమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పాను. తమ్ముడి సంగతీ దాచలేదు. నాన్న చెయ్యి ఆగింది. మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు, నా మాట వినపడనంత గట్టిగా. అమ్మ నన్ను రెక్క పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి, పోయినవాణ్ణి మళ్ళీ తవ్వొద్దని బతిమాలింది. నా పరుపుల మీద ఎంతమంది పిల్లలు పెరిగి పెద్దవాళ్ళయ్యారో నీకు తెలుసా అని అన్నం దగ్గర నాన్న ఒక్క మాటన్నాడు. అదీ నిజమే. అందుకే ఆ మాట నన్ను అంత కోసింది.

కానీ నాది మొండితనం, ఆయన దగ్గర్నుంచి వచ్చిందే. మూడు రోజులకని వచ్చినదాన్ని నెల రోజులు కదల్లేదు. పసిపిల్ల కోసమని ఎవరొచ్చినా ముందు నేనే కూర్చునేదాన్ని. పాత చీరలతో, దగ్గర దగ్గర టాకాలతో రెండు వేళ్ళ మందాన బొంత కుట్టి చూపించేదాన్ని. ముగ్గురు తిట్టి వెళ్ళిపోయారు. నాలుగో ఆవిడ పెనుగంచిప్రోలు పెద్ద రైతు ఇల్లాలు, మనవడి కోసం వచ్చింది. నా బొంత నొక్కి చూసి, ఇది పరుపా పీటా అని అడిగింది. నా కూతురి పరుపు తెచ్చి ఆవిడ ముందు పరిచాను.

"అమ్మగారూ, ఒక్కసారి దీంట్లో మొహం పెట్టి ముప్పై లెక్కపెట్టండి. తరవాత మీ ఇష్టం."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. బండి తోలే మనిషి ఇటు చూడటం లేదని నిశ్చయం చేసుకుని, ముక్కుపుడక సర్దుకుని వంగింది. పన్నెండుకు లేచింది. తరువాత మెల్లగా, వియ్యపురాలు పిడికిలి పెడితే ఏం చెప్పమంటావు అంది. ఆవిణ్ణీ వంగమనండి అన్నాను. బొంత తీసుకునే వెళ్ళింది.

అంతసేపూ విల్లు చప్పుడు లేదని అప్పుడు గమనించాను. లోపలికి వెళ్ళి చూస్తే అటకకు నిచ్చెన వేసి ఉంది. తమ్ముడి పరుపు కింద పరిచి ఉంది. నాన్న మోకాళ్ళ మీద వంగి, ముఖం అందులో పెట్టి ఉన్నాడు. ఆయన ఎంతవరకు లెక్కపెట్టాడో నాకు తెలియదు. చాలాసేపు లేవలేదు. భయమేసి భుజం పట్టి లేపాను. గలేబు తడిసి ఉంది.

ఆయన పెరట్లోకి నడిచి, దడి తాటాకులు ఒక్కొక్కటీ పీకి పక్కన పడేశాడు. పిల్లను ఎత్తుకుని వెనకాలే వెళ్ళాను. పక్కింటి అత్త చేట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. జుట్టు సగం నెరిసిపోయింది. ఎనిమిదేళ్ళలో నేను ఆవిడ ముఖం సరిగ్గా చూడటం అదే మొదలు.

"నీ చూపు కాదు చెల్లెమ్మా. నేను కుట్టిన పరుపు" అన్నాడు నాన్న.

ఆవిడ ఏడవలేదు. నాన్న మీద కేకలు వేసినా పడదామనే వెళ్ళాం, కేకలూ వేయలేదు. చేట కింద పెట్టి, ఎవరికో లెక్క అప్పజెప్పుతున్నట్టు చెప్పింది.

"ఆ రోజు నుంచి ఏ పసిబిడ్డనూ కళ్ళెత్తి చూళ్ళేదన్నయ్యా. నా మనవడికి రెండేళ్ళొచ్చాయి. వాణ్ణి కూడా."

నా కూతురు నా భుజం మీద నిద్రపోతోంది. ఆవిడ అలవాటు కొద్దీ మొహం అటు తిప్పుకుంది. నేను తిప్పుకోనివ్వలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని అరుగు మీద కూర్చోబెట్టి, పిల్లను ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, చూడత్తా అన్నాను.