సాంచాలు ఆగాక వినిపించిన దగ్గు

సిరిసిల్లలో సాంచా చెడిపోతే నన్ను పిలుస్తారు. మరమగ్గాల మెకానిక్ లతీఫుద్దీన్ అంటే ముస్తాబాద్ దాకా పేరుంది. ఇది నేనే చెప్పుకోవాలి మరి! అయితే కనకయ్య ఇంట్లోని నాలుగు సాంచాల్లో ఏది గాడి తప్పిందో నాకంటే ముందు చెప్పేది ఆయన భార్య సత్యవ్వ. నూలు కండెలు చుట్టుకుంటూ, తలైనా ఎత్తకుండా, మోత విని, "మూడోది జూడు భాయ్" అనేది. విప్పి చూస్తే నిజమే. ముప్పై ఏళ్లలో ఒక్కసారీ ఆమె మాట తప్పలేదు. నాకు ఒళ్లు మండేది.

నిరుడు కనకయ్యకు కిడ్నీలో క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ చేసినా మళ్లీ పాకింది. హైదరాబాద్‌లో మూడు వారాలకోసారి ఇమ్యునోథెరపీ మొదలుపెట్టారు. ఆ మందు తానుగా క్యాన్సర్‌ను చంపదట. ఒంట్లో ఉన్న రోగనిరోధక శక్తినే లేపి దాని మీదికి ఉసిగొల్పుతుందట. స్కాన్ తీస్తే గడ్డలు సగానికి కరిగాయి. బక్కపలచటి కనకయ్య ఒంట్లో ఇంత బలముందా అని నోరు తెరిచాను.

దగ్గు, ఆయాసం, గుండె దడ వస్తే ఆలస్యం చేయకుండా చూపించుకోమని ఆస్పత్రివాళ్లు ఒక కార్డు ఇచ్చారు. కనకయ్య దాన్ని ఆధార్ కార్డుతో కలిపి బీరువాలో దాచాడు. కాగితం దాచడంలో మనవాళ్లు దిట్టలు.

నాలుగో డోసు తర్వాత దగ్గు మొదలైంది. సాంచాల కాడ దగ్గని వాడెవడు? నూలు దుమ్మే అనుకున్నాం. సిరప్ తెచ్చిచ్చింది కూడా నేనే. పైగా ఆ మోతలో పక్కవాడి దగ్గు పక్కవాడికి వినబడదు. మేం మాట్లాడుకునేదే చేతి సైగలతో.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. నాలుగు సాంచాలూ ఒక్కసారే ఆగాయి. అప్పుడే కనకయ్య దగ్గాడు. సత్యవ్వ చేతిలో కండె ఆగిపోయింది.

"గిది దుమ్ము దగ్గు గాదు."

"అది గూడ నీకే తెలుసా వదినె?" అన్నాను నేను, వెటకారంగా.

ఆమె లేచి వెళ్లి, అందరి ముందే ఆయన ఛాతీకి చెవి ఆనించింది. కనకయ్య సిగ్గుపడి వెనక్కి జరగబోతే రెక్క పట్టి ఆపింది.

"దమ్ము మధ్యల తెగుతున్నది. గుండె గూడ సక్కగ కొట్టుకుంటలేదు. భాయ్, ఆటో తే!"

"కరెంటు అచ్చినంక పోదాం తియ్" అన్నాడు కనకయ్య. ఆ కాస్త మాటకే రొప్పాడు.

ఆమె అప్పటికే బీరువా తెరిచి కార్డు కొంగున కట్టుకుంది.

సిరిసిల్ల ఆస్పత్రిలో కార్డు చదవగానే డ్యూటీ డాక్టరమ్మ మొహం మారింది. ఈసీజీ తీశారు, రక్తం తీశారు, స్కాన్ చేశారు. మందు లేపిన శక్తి క్యాన్సర్‌తో ఆగక ఊపిరితిత్తుల మీదా, గుండె కండరం మీదా పడిందని చెప్పింది. హైదరాబాద్‌కు ఫోన్ చేసి, పెద్ద మోతాదులో స్టెరాయిడ్ ఎక్కించి అంబులెన్సులో పంపింది. "ఇంకో రెండు రోజులు ఆగితే మనిషి దక్కేవాడు కాదు" అంది. నేను తెచ్చిన సిరప్ సంగతి ఆమెకు నేనే చెప్పేశాను.

పదహారు రోజులకు కనకయ్య ఇంటికొచ్చాడు. ఆ మందు ఇక జన్మలో ఇవ్వకూడదన్నారు.

"మందు బందైతే క్యాన్సర్ ఊకుంటదా భాయ్?" అని సత్యవ్వ అడిగింది. 

మూడు నెలలకు స్కాన్ తీశారు. గడ్డలు పెరగలేదు. మందు ఆపినా, అది లేపిన శక్తి కొందరిలో అలాగే కావలి కాస్తుందట. ఎన్నాళ్లో ఎవరూ చెప్పలేరట. చంపబోయిందీ అదే, కాపాడుతున్నదీ అదే. యా అల్లా, మనిషి ఒళ్లు ఎంత వింతది!

ఇప్పుడు మిట్టమధ్యాహ్నం ఆ ఇంట్లో సాంచాలు కాసేపు ఆగుతాయి. నేనక్కడ ఉంటే స్విచ్ ఆపేది నేనే. సత్యవ్వ వచ్చి కనకయ్య ఛాతీకి చెవి ఆనిస్తుంది. ఆయన ఇప్పుడు సిగ్గుపడడు. ఆమె తలెత్తేదాకా నేను స్విచ్ మీద చెయ్యేసి, ఊపిరి బిగబట్టి నిలబడతాను.

"మంచిగున్నది భాయ్. ఇగ ఎయ్యి" అంటుంది.

అప్పుడు వేస్తాను.