మంచినీళ్ళ కాపలా

పెద్దయ్యాక మా తమ్ముణ్ణి నేను చెంపమీద కొట్టింది మంచినీళ్ళు తాగినందుకు. అప్పటికి వాడికి నలభై దగ్గర పడుతోంది, జుట్టు సగం నెరిసింది. స్నానాల గదిలో కుళాయి బిగించి కట్టేశాం గానీ, లెట్రిన్ ఫ్లష్ ట్యాంకు సంగతి మాకెవరికీ తట్టలేదు. వాడికి తట్టింది. మూత తీసి, మగ్గు ముంచుకుని తాగుతున్నాడు. నేను తోసిన తోపుకి తలుపు గడియ ఊడిపోయింది. మగ్గు లాక్కుని గోడకేసి కొట్టి, అదే చేత్తో వాణ్ణి కొట్టాను. పెదవి చిట్లింది. వాడు తిరిగి కొట్టలేదు. పెదవి మీద రక్తంలో కలిసిన ఆ కాస్త తడినీ నాలుకతో నాక్కున్నాడు. అది చూసి నాకు ఇంకా మండి, రెండోది కూడా వేశాను.

వాడికి రెండు కిడ్నీలూ పోయాయి. బందరులోనే డయాలసిస్ చేయించేవాళ్ళం. తాగిన నీళ్ళు బయటికి పోయే దారి లేదు గనక రోజు మొత్తానికి చిన్న సీసాడు, మాత్రలు మింగేవాటితో కలిపి అంతే అన్నారు డాక్టరు. అంతకు మించితే మొదట కాళ్ళు ఉబ్బుతాయి, తర్వాత మొహం, ఆ తర్వాత నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. మంచం మీద పడుకున్న మనిషి పడుకున్నట్టే మునిగిపోతాడు. ఒకసారి అలా మునగబోయాడు కూడా. ఆ రోజు వాడి గొంతులోంచి వచ్చిన గురగుర విన్నాక నాకు మనుషుల మీద జాలి పోయింది.

నేను గుడివాడలో డ్రిల్లు టీచర్ని. అత్తవారిల్లూ అక్కడే. బడి వదలగానే పామర్రు మీదుగా బస్సులో బందరు వచ్చి, పుట్టింట్లో కాపలా కూర్చునేదాన్ని. నాన్న ఎప్పుడో పోయారు. ఇంట్లో ఉన్నది అమ్మ, తమ్ముడు, వాడి భార్య. మా మరదలు మంచి పిల్లే కానీ మొగుడు కన్నెర్ర చేస్తే చేతిలో చెంబు దానంతటదే వంగుతుంది. అమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకని ఫ్రిజ్‌కి తాళం వేయించాను. బిందెలన్నీ ఒక గదిలో పెట్టి దానికీ తాళం వేశాను, వంటకి సరిపడా మాత్రం కొలిచి అమ్మ చేతికిచ్చేదాన్ని. ఆ తాళంచెవులు నా విజిల్ తాడుకి కట్టి మెళ్ళో వేసుకుంటే, బడిలో పిల్లలు అవేమిటని అడిగేవారు. జైలువని చెప్పేదాన్ని.

దాహం మనిషిని ఏం చేస్తుందో మా ఇంట్లో చూశాను. చిన్నప్పుడు చీమను తొక్కినా బాధపడే వెధవ, అన్నం కంచం తీసి పెళ్ళాం మీదికి విసిరేవాడు. చారు పొయ్యలేదని. చారు కూడా నీళ్ళే కదా మరి! ఒకరోజు తాళాల కోసం నా జడ పట్టుకుని లాగి, నా తల ద్వారబంధానికి కొట్టాడు. కళ్ళముందు చీకట్లు కమ్మాయి. అయినా వదల్లేదు నేను. డయాలసిస్ సూదులు గుచ్చే చెయ్యి ఏదో, గుచ్చని చెయ్యి ఏదో చూసుకుని మరీ, గుచ్చని చేతిని కండ ఊడేలా కొరికాను. కెవ్వుమని వదిలేసి గోడవార కూలబడ్డాడు. నా నుదుటి మీంచి రక్తం, వాడి చేతి మీంచి రక్తం. అప్పుడు చిన్నపిల్లాడిలా నోరు తెరిచి అడిగాడు.

"అక్కా, గుక్కెడు పొయ్యవే. చస్తే చస్తాను."

పొయ్యలేదు. విజిల్ గుప్పిట్లో పట్టుకుని వాడి ఎదురుగానే కూర్చున్నాను. రోజూ అదే మాట, "గుక్కెడు పొయ్యవే". ఆ మాట వినపడితే చాలు నా చెయ్యి లేచేది.

మా వైపు గుమ్మంలోకి ఎవరొచ్చినా ముందు మంచినీళ్ళు ఇస్తాం, ఆ తర్వాతే కబుర్లు. దాహమన్నవాడికి నీళ్ళు లేదంటే మహాపాపం అంటారు. ఆ పాపం నేనొక్కదాన్నీ మూట కట్టుకుంటుంటే, వీధిలోవాళ్ళంతా పుణ్యం సంపాదించుకోవడానికి బయల్దేరారు. పక్కింటావిడ గోడ మీంచి మజ్జిగ గ్లాసు అందించింది. ఆ మజ్జిగ ఆవిడ మొహాన్నే కొట్టాను. అప్పటినుంచి మాకు మాటల్లేవు, ఉండక్కర్లేదు కూడా. అమ్మ అయితే కొంగు నీళ్ళలో తడుపుకుని వెళ్ళి వాడి మంచం పక్కన కూర్చునేది. వాడు ఆ కొంగు నోట్లో పెట్టుకుని పీల్చేవాడు. చూసిన రోజు ఆ కొంగు పట్టుకుని ఒక్క లాగు లాగాను. చీర చిరిగింది, అమ్మ బోర్లా పడింది. లేచి, "నువ్వు నా కడుపున పుట్టాల్సిన దానివి కాదే" అంది. సరే అన్నాను.

ఇంతకీ మాకు కావలసింది కిడ్నీ. నాకు షుగరు, నాది పనికిరాదు. మరదలి బ్లడ్ గ్రూపు కలవలేదు. అమ్మది కలిసింది. అమ్మ ఇస్తానంది, నేనే వద్దన్నాను. అరవై ఏళ్ళ మనిషిని కోయించి, ఇటు వాడూ దక్కక అటు ఆవిడా దక్కకపోతే? చనిపోయినవాళ్ళ కిడ్నీ కోసం పేరు రాయించాం, వస్తుంది, అందాకా కాపాడుకుందాం అని అందరి నోళ్ళూ మూయించాను. ఎన్నాళ్ళో తెలీదు గానీ, అంతవరకూ వాణ్ణి ఎండబెట్టి బతికించడమే నా పని.

అలాంటి రోజుల్లో మా మేనమామ వచ్చాడు.

అమ్మకి ఒక్కడే తమ్ముడు. దివిసీమలో ఉంటాడు, అవనిగడ్డ దాటి ఇంకా కిందికి. కొబ్బరిచెట్లున్నాయి. చేతులూపుకుంటూ రావడం ఆయన వంశంలో లేదు. రోగిని చూడ్డానికి వెళ్ళేవాళ్ళు మా దేశంలో ఏం పట్టుకెళ్తారు? బొండాలు. ఆయన కూడా సొంత చెట్టు గెల ఒకటి దింపించి, కత్తితో సహా బస్సెక్కించుకుని వచ్చాడు. మరదలు మందుల షాపుకి వెళ్ళింది. అమ్మ తన తమ్ముడొచ్చాడని వంటింట్లో పులుసు పెడుతోంది.

నేను వచ్చేసరికి వాకిట్లో బొండం చిప్పలు దొర్లుతున్నాయి. తమ్ముడు అరుగుమీద కూర్చుని గడ్డం తుడుచుకుంటున్నాడు. ఎన్నాళ్ళకో వాడి మొహంలో నవ్వు! మావయ్య ఇంకో బొండం చెక్కుతున్నాడు.

"ఎన్ని తాగాడు?" అన్నాను.

"మూడే. ఏమే, ఎందుకలా చూస్తావు? నీళ్ళొద్దన్నారు గానీ బొండం వద్దన్నారా? ఆస్పత్రిలో రోగులకి పట్టేదదేగా! ఒంటికి చలవ. పిల్లాడి నోరు పిడచకట్టుకుపోతుంటే చూస్తూ ఎలా కూర్చుంటారే మీరంతా?"

డయాలసిస్ మనిషికి బొండం నీళ్ళు విషం. అందులో ఉండే పొటాషియం బయటికి పోదు, గుండెని ఆపేస్తుంది. ఆ సంగతి మావయ్యకి తెలీదు. మా తమ్ముడికి తెలుసు, తెలిసే తాగాడు. అయితే వాణ్ణి కొట్టీ కొట్టీ నాకు విసుగొచ్చింది కాబోలు, ఆ రోజు నా కళ్ళకి మావయ్యే కనిపించాడు. కత్తి ఆయన చేతిలోంచి లాక్కున్నాను. "చంపేస్తాను నిన్ను" అన్నాను. మాటవరసకి కాదు, నిజంగానే అన్నాను. ఆయన బొండం వదిలేసి వాకిట్లో పరుగు, వెనకాల నేను. గేటు దగ్గర చిక్కాడు. నేను కత్తెత్తితే అరచెయ్యి అడ్డం పెట్టాడు. చెయ్యి అడ్డంగా తెగింది. తెల్ల చొక్కా ముంజేతి దాకా ఎర్రబడిపోయింది. అమ్మ వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చి, ఆ గరిటెతోనే నా వీపు మీద బాదింది. నాకు దెబ్బ తెలియలేదు. రెండోసారి కత్తెత్తాను.

"అక్కా, కాళ్ళు రావట్లేదు" అన్నాడు తమ్ముడు.

లేవబోయి అరుగు మీంచి కిందపడ్డాడు. కాళ్ళు చచ్చుబడిపోయాయి. కత్తి ఎక్కడ పారేశానో గుర్తులేదు. వాణ్ణి ఒక పక్క నేనూ, ఒక పక్క తెగిన చేత్తో మావయ్యా పట్టుకుని ఆటోలో పడేశాం. దారి పొడుగునా ఆయన రక్తం వాడి బనీను మీద కారుతూనే ఉంది. ఆస్పత్రిలో వాణ్ణి పరుగున లోపలికి తీసుకెళ్ళి మిషనుకి తగిలించారు. ఇంకాస్త ఆలస్యమైతే గుండె ఆగేదన్నారు.

మావయ్య అరచేతికి కుట్లు వేయించుకుని వచ్చి మా ఎదురుగా నిలబడ్డాడు. "తెలీక చేశాను, తప్పే. కానీ మేనకోడలు కత్తెత్తిన ఇల్లు అది. ఆ ఇంట్లో ఇంక పచ్చి మంచినీళ్ళు ముట్టను" అన్నాడు. ముట్టొద్దు, ముట్టించనూ వద్దు అన్నాను నేను. అమ్మ "తమ్ముడూ" అంటూ వెనకే వెళ్ళింది. ఆయన తిరిగి చూడలేదు.

అమ్మ వెనక్కొచ్చి నా మెళ్ళో విజిల్ తాడు పట్టుకుంది. నలుగురూ చూస్తున్నారు, అయినా వదల్లేదు. తాడు నా మెడకి కోసుకుపోతోంది.

"నా తమ్ముణ్ణి నరికావు. నా కొడుక్కి గుక్కెడు నీళ్ళివ్వనివ్వలేదు నన్ను. ఇప్పుడు నా కిడ్నీ ఇస్తాను వాడికి. ఎలా ఆపుతావో ఆపు, చూస్తాను."

ఆపలేదు. ఆపితే ఆ తాడుతోనే నన్ను ఉరేసేది.

ఆపరేషన్ బెజవాడలో. ముందుగా ఒక కమిటీ వాళ్ళు అమ్మని కూర్చోబెట్టి, మిమ్మల్నెవరైనా బలవంతపెట్టారా అమ్మా అని మర్యాదగా అడిగారు. "బలవంతమా? ఇదిగో, ఈ రాక్షసి ఇవ్వద్దని నన్ను కొట్టినంత పని చేసిందండీ. కావలిస్తే అది రాసుకోండి" అంది. వాళ్ళు నావైపు చూశారు. తల దించుకునే అలవాటు నాకు లేదు, నేనూ వాళ్ళవైపే చూశాను. స్ట్రెచర్ మీద లోపలికి వెళ్తూ అమ్మ అడిగింది ఒక్కటే, "తమ్ముడొచ్చాడా?" అని. మావయ్యకి కబురంపాను గానీ రాలేదు. వస్తున్నాడులే అని అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం పట్టుకునే లోపలికి వెళ్ళింది. తలుపు మూశాక ఆ తలుపుని కాలితో ఒక్క తన్ను తన్నాను. వాచ్‌మన్ వచ్చి తిట్టాడు.

ఇద్దరూ బతికారు. మర్నాడు అద్దంలోంచి చూడనిచ్చారు. తమ్ముడి మంచానికి కింద ఒక సంచీ వేలాడుతోంది, అందులోకి గొట్టం. ఆ గొట్టంలో పచ్చగా కదులుతోంది. ఏడాదిన్నరగా వాడి ఒంట్లోంచి చుక్క రాలేదు. నేనూ మరదలూ, కాలవకి నీళ్ళొదిలిన రోజు రైతులు గట్టుమీద చేరినట్టు, ఆ సంచీకేసి చూస్తూ నిలబడ్డాం. మరదలు నా భుజం గిచ్చుతూనే ఉంది. గోళ్ళు దిగాయి. దిగనిచ్చాను.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు చెప్పింది విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాచి చల్లార్చిన నీళ్ళు రోజుకి మూడు లీటర్లు తాగాలట. తగ్గితే కొత్త కిడ్నీ దెబ్బతింటుందట. నేను వెంటనే తాళాలు తీసేశాను. గదిలో బిందెలన్నీ బయటికొచ్చాయి. ఇంక వాడు పండగ చేసుకుంటాడనుకున్నాను.

వాడు తాగలేకపోయాడు. గ్లాసు నోటిదాకా వస్తుంది, గొంతు మూసుకుపోతుంది. నాకేసి బిత్తరచూపులు చూస్తాడు, ఎక్కడ కొడతానో అని. ఎన్నాళ్ళు కొట్టి నేర్పానో అంతా బాగానే నేర్చుకున్నాడు. తాగుతున్నానని చెప్పి గ్లాసుకి గ్లాసు కిటికీలోంచి పారబోస్తున్నాడని, కిటికీ కింద గోడకి చెమ్మ చూసి కనిపెట్టాను. ఒంటిమీద చెయ్యి వెయ్యకూడదు, కుట్లున్నాయి. చెవి దొరికింది. మెలిపెట్టి, "ఆ కిడ్నీ నీ అబ్బ సొమ్మనుకున్నావురా, అమ్మ పొట్ట కోసుకుని ఇచ్చింది!" అని అరిచాను. చెవి ఎర్రగా కందిపోయింది. రెండు గుక్కలు మింగి కక్కేశాడు. ఆ వారం రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగింది, అంటే కొత్త కిడ్నీ మొరాయిస్తోందన్నమాట. డాక్టరు మొహం మారింది. అమ్మ పక్కగదిలో తన కుట్లు పట్టుకుని పడుకుని, "తాగాడా?" అని గంటకోసారి అడిగేది. మొదటిసారి నాకు నిజంగా భయమేసింది. నీళ్ళు తాగకుండా కొట్టగలను గానీ తాగేలా ఎలా కొడతాను?

ఆ ఆదివారం ఎండ మాడ్చేస్తోంది. మరదలు వచ్చి, "వదినా, గేటు బయట బాబాయిగారు నిలబడ్డారు" అంది. చూద్దును గదా, మావయ్య. జీవితంలో మొదటిసారి వట్టి చేతులతో వచ్చాడు. కిడ్నీ మార్చినవాళ్ళ దగ్గరికి అలాగే వెళ్ళాలని ఈసారి ఎవర్నో అడిగాడు కాబోలు, తువ్వాలు నోటికి అడ్డం కట్టుకున్నాడు.

"లోపలికి రానే. ఇక్కడినుంచే అక్కనోసారి చూసి పోతాను. పిలు" అన్నాడు నాకేసి చూడకుండా. మాట్లాడుతుంటే తువ్వాలు కాస్త జారింది, పెదాలు ఎండి పొట్టు లేచి ఉన్నాయి. ఆ ఎండలో బస్సులు మారి వచ్చాడు.

నేను అమ్మని పిలవలేదు. చెంబు నిండా నీళ్ళు ముంచుకొచ్చాను.

"ముట్టనని ఒట్టేశాను" అన్నాడు.

"ఇంట్లో కదా ముట్టనన్నావు. ఇది మున్సిపాలిటీ రోడ్డు. తాగుతావా, నెత్తిన పొయ్యనా?"

అప్పుడు చూశాడు నాకేసి. నేను ఆ అరచేతికేసి చూస్తున్నాను. అడ్డంగా ఈ చివరనుంచి ఆ చివరదాకా గీత. క్షమించు మావయ్యా అనాలని నోటిదాకా వచ్చింది గానీ నా నోరు అలాంటి మాటలకి తిరగదు. చెంబు ఇంకాస్త ముందుకి జరిపాను. ఆ చేత్తోనే అందుకున్నాడు. తువ్వాలు కిందికి లాగి, మొహం పైకెత్తి, ఎత్తిన చెంబు దించకుండా తాగాడు. గడ్డం మీంచి, మెడ మీంచి చొక్కాలోకి నీళ్ళు కారిపోతున్నాయి. గుటకలు గేటు ఇవతలికి వినిపిస్తున్నాయి.

కిటికీ దగ్గర అలికిడైంది. తమ్ముడు ఊచలు పట్టుకుని మావయ్య గొంతుకేసే చూస్తున్నాడు. మావయ్య మింగినప్పుడల్లా వాడూ మింగుతున్నాడు, ఉత్తి నోటితోనే.

"అక్కా, గుక్కెడు పొయ్యవే" అన్నాడు.

ఎప్పట్లాగే చెయ్యి లేచింది నాది. దించుకుని, లోపలికి వెళ్ళి బిందె ఎత్తుకొచ్చాను.