నలభై ఒక్క రేకు ముక్కలు

బాయిలర్ గదిలో ఆమెను అందరూ పిన్ని అనే పిలుస్తారు, వయసులో పెద్దవాళ్లు కూడా. ఆ అద్దకం మిల్లులో ఆమె చేరింది గది ఊడవడానికి. అప్పటి ముసలి ఫిట్టరు స్క్రూడ్రైవర్ మొనను పైపుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వినేవాడు. ఎవరికీ నేర్పేవాడు కాదు. ఆయన భోజనానికి లేవగానే పిన్ని చీపురు పక్కన పడేసి అదే పని చేసేది.

ఆయన వినేది ట్రాపులను. ఆవిరిని ఆపి నీళ్లను మాత్రం బయటికి వదిలే ఇనుప బుడ్లవి. బాగున్నది ఆగి ఆగి టక్కుమంటుంది. పాడైనది ఆపకుండా బుస కొడుతుంది. ఈ తేడా చెవికెక్కడానికి ఆమెకు రెండేళ్లు పట్టింది. ఫిట్టరు మానేసిన నాటికి మిల్లు మొత్తంలో ఆ పని తెలిసింది ఆమె ఒక్కతికే.

పాడైన ప్రతి ట్రాపుకూ ఎర్ర రంగు పూసిన డబ్బా రేకు ముక్క కట్టడం ఆమె పెట్టుకున్న పద్ధతి. ఆ ఏడాది నలభై ఒకటి కట్టింది. బాగుచేయాలంటే మిషన్లు ఒక రోజు ఆపాలి. ఎవరూ ఆపలేదు.

అంతలో కంపెనీ, వాతావరణాన్ని కాపాడతామంటూ దేశదేశాల కంపెనీలు చేసుకున్న ఒప్పందంలో చేరింది. గేటు దగ్గర ఆకుపచ్చ బోర్డు వెలిసింది. మేనేజరు ఉపన్యాసం దంచుతున్నంతసేపూ పిన్ని చెవి మాత్రం తన వెనకున్న ఆవిరి పైపు మీదే ఉంది. ఒప్పందం ప్రకారం ఏడాదికోసారి దాని ఆఫీసుకు ఫారం పంపాలి. ఆవిరి ఎన్నిచోట్ల వృథా అవుతోందో అందులో రాసి, స్వయంగా పరీక్షించిన మనిషి కింద సంతకం పెట్టాలి.

ఫారం పంపాల్సిన రోజు పొద్దున పిన్ని వచ్చేసరికి పైపుల మీద ఒక్క రేకూ లేదు. బుస మాత్రం అలాగే ఉంది. రేకులన్నీ గోనెసంచిలో, సూపర్‌వైజరు బల్ల కింద కనిపించాయి. సూపర్‌వైజరు ఆమెకు స్వయానా మరిది.

"ఏమయ్యా, నేను ఇంటికెళ్లొచ్చేలోగా అన్నీ బాగుపడిపోయాయా?"

"వదినా, కేకలెయ్యకు. రేకులుంటేనే కదా లెక్క! ఫారంలో సున్నా వేసేశా. నువ్వో సంతకం పడేస్తే అయిపోతుంది."

"ఇల్లు కారుతుంటే కింద పెట్టిన గిన్నెలు తీసేసి, కప్పు బాగైపోయిందంటావా? మీ ఆవిడ ఊరుకుంటుందా?"

"అబ్బా, మొదలెట్టావా! పైనుంచి చెప్పారు, నన్నేం చెయ్యమంటావ్?"

ఆమె సంచి భుజాన వేసుకుని, ప్రతి ట్రాపుకూ మళ్లీ స్క్రూడ్రైవర్ ఆనించి విని, పాడైనవాటికి రేకులు కట్టుకుంటూ పోయింది. మధ్యాహ్నానికి లెక్క నలభై ఒకటే తేలింది.

మేనేజరు ఆమెను పిలిపించాడు. మరిదీ అక్కడే ఉన్నాడు.

"పిన్నీ, కంపెనీ పరువు విషయం. సున్నా మీద సంతకం పెట్టండి. లేదా రేపట్నుంచి ప్యాకింగులో కూర్చోండి."

"కూర్చుంటానండి. అట్టపెట్టెలు కరవవు కదా. సున్నా కావాలంటే మిషన్లు ఆపించండి, నా చేతుల్తో చేసి చూపిస్తా. ఆపలేరా, నలభై ఒకటి వెయ్యండి, ఇప్పుడే పెడతా సంతకం."

"వేరేవాళ్లతో పెట్టిస్తే?"

"పెట్టించండి. ముందు ఆ మనిషిని ట్రాపు దగ్గర నిలబెట్టి అడగండి, అది బతికుందో పోయిందో."

మేనేజరు మరిదివైపు చూశాడు. మరిది ఫ్యానువైపు చూశాడు. ఫారం నలభై ఒకటితోనే వెళ్లింది. మర్నాడు పిన్ని ప్యాకింగుకు వెళ్లింది.

మూడు వారాలకు ఒప్పందం ఆఫీసు నుంచి జవాబొచ్చింది. అందులో ఉన్నది ఒకటే ప్రశ్న: వీటిని ఏ తేదీన బాగుచేస్తారు? మేనేజరు ఆ కాగితం పట్టుకుని ప్యాకింగు హాల్లోకి వచ్చాడు.

"పిన్నీ, ఏదో ఒక తేదీ మీరే చెప్పండి."

"మిషన్లు ఆపేది మీరు. తేదీ మీరే వెయ్యాలి. వేశాక నన్ను పిలవండి," అంటూ ఆమె పెట్టెకు టేపు బర్రున లాగింది.

ఆయన అక్కడే నిలబడి, పెట్టె మీద కాగితం ఆనించి తేదీ వేశాడు.

ఆయన వేసిన తేదీన పొద్దున ఆరింటికే ఆమె ఆవిరి పెద్ద వాల్వు కట్టేసింది. సాయంత్రానికి ఇరవై ఆరు ట్రాపులు మారాయి. చేతుల మసి తుడుచుకుంటూ మరిది ఆమె పక్కన చతికిలబడ్డాడు.

"చాలామటుకు అయిపోయాయిగా వదినా. ఈసారికి ఫారంలో సున్నా వేసేద్దాం."

"ఇంకా పదిహేనున్నాయి. అదే రాయి. లేకపోతే లే, ఇంకోటి విప్పుదాం."