ఫెస్టీ లావెల్ జాగారానికి ఎవరూ రాలేదు

మా కొండవాలు పల్లెల్లో ఎవరు పోయినా ఫెస్టీ లావెల్ ముందుగా వెళ్లేవాడు. పెళ్లి చేసుకోలేదు. ఆయనకున్నవల్లా నలభై గొర్రెలు, అక్క బ్రైడీ. శవజాగారానికి వెళ్తే తెల్లవారేదాకా కదిలేవాడు కాదు. ఇంటివాళ్లని పడుకోమని పంపి, శవం పక్కన కూర్చుని ఆ పోయినవాడికే వాడి కబుర్లు చెప్పేవాడు. బతికుండగా వాళ్లెవరూ అంత ఓపిగ్గా ఎవరి మాటా విని ఉండరు.

డెబ్బై నాలుగో ఏట, ఒక ఆదివారం, ఆయనే పోయాడు.

మరణవార్త రాసింది నేనే. జిల్లా పత్రికలో ఇరవై ఏడేళ్లుగా అదే నా పని. రాశాననడం కూడా గొప్పే. శనివారం ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు కోసం రాసినదాన్ని తీసి పేరు, ఊరు, చర్చి వేళ మార్చాను. ఏదైనా చివరి వాక్యం దాకా చదవాలని కొత్తగా చేరినవాళ్లకి చెబుతుంటాను కూడా.

మంగళవారం మూడింటికి వాళ్లింటికి వెళ్లాను. బ్రైడీ హామ్ శాండ్‌విచ్‌ల మీద నమ్మకంతో మధ్యాహ్నం భోజనం మానేశాను. వాకిట్లో ఒక్క కారూ లేదు. లోపల, చావింటి ఆచారం ప్రకారం గడియారం ఆపేశారు, అద్దానికి దుప్పటి కప్పారు. ఫెస్టీ చేతుల్లో జపమాల ఉంది. గోడవారగా ఇరవై ఖాళీ కుర్చీలు.

"రా ఆస్టిన్, నువ్వే మొదలు," అంది బ్రైడీ. "మా తమ్ముడు ఎవరికేం ద్రోహం చేశాడయ్యా? వాడు కూర్చోని ఇల్లుందా ఈ చుట్టుపక్కల? ఇవాళ వాడి దగ్గర కూర్చునే దిక్కు లేదా?"

ఇంకో శాండ్‌విచ్ తీసుకున్నాను. వర్షం వల్లేమో అన్నాను. బయట ఎండ కాస్తోంది.

అంతలో గేటు అవతల నుంచి పక్కింటి కోల్మన్ కేక వినిపించింది. "బ్రైడీ! కేకు గోడ మీద పెట్టి పోతున్నా!"

"నల్ల సూటేసుకుని గోడవతల దాక్కోడమేంటయ్యా? లోపలికి రా!"

"రావద్దని మీరేగా పేపర్లో వేయించారు? ‘ఇంటివారికి మాత్రమే’ అని. ఊరంతా ముస్తాబై ఇళ్లల్లో కూర్చున్నారు. మేం పరాయివాళ్లమయ్యామా అని మా ఆవిడ ఒకటే ఏడుపు."

బ్యాంకు మేనేజరు గారి మరణవార్తలో నేను మార్చకుండా వదిలేసిన చివరి వాక్యం నాకప్పుడు గుర్తొచ్చింది. బ్రైడీ నా వైపు తిరిగింది.

"నేనే, బ్రైడీ. పాతదాంట్లో పేరు మార్చి..."

"ముందు ఆ నోట్లోది మింగు."

మింగి, మొత్తం చెప్పాను.

"నువ్వే వద్దన్నావుగా, నువ్వే పిలుచుకురా. ఫోన్లు గీన్లు కాదు, ఇంటింటికీ పో."

కోల్మన్ కారులో పద్నాలుగు ఇళ్లు తిరిగాను. ఒక ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, "నీ రాతలు ఎన్నడూ నమ్మినవాణ్ణి కాదురా. బుద్ధి గడ్డితిని ఇవాళ నమ్మాను," అంటూ టోపీ పెట్టుకుని బయల్దేరాడు.

ఆరు దాటేసరికి కుర్చీలు చాలక జనం మెట్ల మీద కూర్చున్నారు. ఫెస్టీ ఓసారి పొరపాటున పక్కవాళ్ల గొర్రెల ఉన్ని కత్తిరించిన కథ ముగ్గురు మూడు రకాలుగా చెబుతున్నారు. వంటింట్లో ఉన్న బ్రైడీ దగ్గరికి వెళ్లాను.

"రేపటి పేపర్లో సవరణ వేస్తాను, బ్రైడీ."

"ఒద్దు మహానుభావా! రేపు వాణ్ణి మోయడానికి నలుగురు కావాలి. నువ్వేదైనా రాస్తే ఆ నలుగురూ రారు."

నా చేతిలో ఒక గుడ్డ పెట్టి కప్పులు చూపించింది. జపమాల ప్రార్థన మొదలయ్యేదాకా తుడుస్తూనే ఉన్నాను.