గోలీ రామసుబ్బు పథ్యం

కోవిల్‌పట్టిలో రామసుబ్బు అని పిలిస్తే నలుగురైదుగురు పలుకుతారు. గోలీ రామసుబ్బు అంటే మాత్రం ఒక్కడే. యాభై నాలుగేళ్ల మనిషి. పగలంతా కడలై మిఠాయి, అంటే వేరుశనగ అచ్చులు, చేసే షెడ్డులో బెల్లం పాకం పొయ్యి ముందు నిలబడతాడు. సాయంత్రమైతే హాకీ మైదానంలో గోలు ముందు నిలబడతాడు. రెండుచోట్లా నిలబడ్డమే కదా, అందులో గొప్పేముందని భార్య పాపమ్మాళ్ ఎగతాళి చేస్తుంది. అట్లా అంటూనే ఆయన ఆడే ఒక్క మ్యాచీ వదలకుండా చూస్తుంది.

ఏడాదికొకసారి యాభై దాటినవాళ్ల జట్లకు పోటీ జరుగుతుంది. యాభై నిండిన ఏడు నుంచీ జట్టుకు రామసుబ్బే గోలీ. కెప్టెన్ నాగరాజన్, పాపమ్మాళ్‌కు సొంత అన్న, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మేస్త్రీ. ఈ ఏడు సాధన మొదలుపెట్టిన సాయంత్రం రామసుబ్బు ఛాతీకి గార్డు కట్టుకోబోతే వీపు వెనక బకిల్ అందలేదు. నాలుగు వేళ్ల ఎడం. ఊపిరి బిగబట్టాడు, పొట్ట లోపలికి లాక్కున్నాడు, ఇద్దరు పట్టి లాగారు. లాభం లేకపోయింది.

నాగరాజన్ అందరి ముందరే అనేశాడు. “రామసుబ్బూ, పోటీకి ఇంకా మూడు నెల్లు ఉండాది. ఆ బకిల్ పడితే నువ్వు నిలబడు. పడలేదంటే మాధవన్ నిలబడతాడు. చెల్లెలి మొగుడని సూసేదానికి లేదు.”

మాధవన్‌కు ఈ ఏడే యాభై నిండాయి. అగ్గిపుల్ల లాంటి మనిషి. ఆ గార్డులో ఇద్దరు మాధవన్‌లు పడతారు.

రామసుబ్బుకు ఆ మాట బాగా గుచ్చుకుంది. చిన్నప్పుడు తనతో ఆడినవాళ్లు ఆట పేరు చెప్పుకుని రైల్వేలో, పోలీసులో కుదురుకున్నారు. ఈయన అంతదూరం పోలేదు. తండ్రి హఠాత్తుగా పోవడంతో పదిహేడో ఏటనే ఆ తండ్రి పొయ్యి దగ్గరే తనూ నిలబడ్డాడు. ఆటలో తనకంటూ మిగిలింది ఆ గోలు ఒక్కటే. అది కూడా పోతే సాయంత్రాలు ఏంచేసుకోవాలో ఆయనకు తెలియదు.

ఆదివారం విరుదునగర్‌కు బస్సెక్కాడు. కూతురు కార్తిక అక్కడ ఒక బడిలో ఆటల టీచరు. నాయన పొట్టను ఒకసారి చుట్టూ తిరిగి చూసింది.

“నాయనా, అన్నం మాను. ఇడ్లీ, దోసె, పరోటా, అన్నీ మాను. గుడ్డు తిను, కోడి తిను, కూరాకు తిను. లో కార్బ్ అంటారు దీన్ని. చక్కెర, బెల్లం మాత్రం కంటితో కూడా సూడొద్దు.”

“అన్నం మానేస్తే మనిషి ఎట్లమ్మా బతికేది?”

“గోలులో నిలబడాలా, వద్దా?”

రామసుబ్బు తల ఊపి లేచాడు. తిరుగు బస్సు కోసం వస్తుంటే దారి పొడవునా నూనెలో కరకరలాడే పరోటాల వాసన. విరుదునగర్‌కు వచ్చి రెండు పరోటాలు తినకుండా బస్సెక్కడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

ఊరికి వచ్చి బావతో చెబితే నాగరాజన్ కస్సుమన్నాడు. రెండేళ్ల కిందట ఆయన గుండెకు స్టెంటు వేశారు. అప్పటి నుంచీ తిండి విషయంలో ఆయన మాటే వేదం.

“కోడీ గుడ్డూ తిని నా మాదిరి నెంజిలో స్ప్రింగు పెట్టించుకుంటావా? అన్నం ఏమి పాపం చేసింది? నూనె మాను. కొబ్బరి మాను. గంజి తాగు, ఉడకేసిన కూర తిను. నన్ను సూడు, ఎట్లుండానో!”

కూతురి మాట వింటే బావకు కోపం, బావ మాట వింటే కూతురికి కోపం. రెండు పడవల మీద కాళ్లు పెట్టే ధైర్యం లేక, ఒక నెల ఒకరిది, ఒక నెల ఒకరిది అని తీర్పు చెప్పుకున్నాడు. ఇద్దరి మధ్యా నలిగి చచ్చింది పాపమ్మాళ్. మొదటి నెల అన్నం గిన్నెను ఆయన కంట పడకుండా దాచింది. రెండో నెల నూనె డబ్బాను దాచింది. నోరు చప్పబడిపోయి మొగుడు గోడకేసి చూస్తూ గంజి తాగుతుంటే ఆమెకు జాలీ వేసింది, నవ్వూ వచ్చింది.

వేరుశనగ మూటలు తూచే కాటా మీద వారానికొకసారి ఎక్కేవాడు. మొదటిసారి ఎనభై ఒక్క కిలోలు. మొదటి నెలలో రెండు కిలోలు తగ్గింది. రెండో నెలలో ఒకటి తిరిగి వచ్చింది. బకిల్‌కు ఇంకా మూడు వేళ్ల ఎడం ఉంది. మైదానంలో మాధవన్ ఊరికే ఉండకుండా కాళ్లూ చేతులూ సాగదీస్తున్నాడు.

రెండో నెల ఆఖర్లో ఒక మధ్యాహ్నం పాపమ్మాళ్ గంజి పట్టుకుని షెడ్డుకు వచ్చింది. మామూలుగా క్యారియర్ వాకిట్లో ఇచ్చి వెళ్లిపోయేది. ఆ రోజు ఎండ మండిపోతుండటంతో లోపలికి వచ్చి మూట మీద కూర్చుంది. రామసుబ్బు ఉడుకుతున్న పాకంలో గరిటె ముంచి, నీళ్ల చెంబులో రెండు చుక్కలు వేసి, వేళ్లతో ఉండ చేసి, పంటి కింద పెట్టి కొరికాడు. తల అడ్డంగా ఊపాడు. కాసేపటికి మళ్లీ కొరికాడు. మూడోసారి కొరికినాక బాణలి దించి వేరుశనగపప్పు పోయించాడు. తర్వాతి బాణలికీ అంతే. పాపమ్మాళ్ కళ్లార్పకుండా మూడు బాణళ్లు చూసింది.

“మామా, ఏమి తింటా ఉండావు?”

“ఏమీ తినలే.”

“ఇప్పుడు నోట్లో వేసుకున్నది?”

“అది పాకమే! పంటికి అంటుకుంటాదా లేదా అని సూసేది. అది పని పాపా, సాపాడూ కాదు, తిండీ కాదు.”

“దినానికి ఎన్ని బాణళ్లు దించుతావు?”

“ఇరవై.”

“ఇరవై మూళ్లు ఎంత?”

రామసుబ్బు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. అబద్ధమాడే మనిషి కాదాయన. తండ్రి నేర్పిన పని, ముప్పై ఏడేళ్లుగా చేస్తున్న పని. రోజుకు అరవై బెల్లపుండలు కడుపులోకి పోతున్నాయని ఒక్కనాడూ తోచలేదు. అన్నం మెతుకు లెక్కపెట్టి తిన్నవాడు, నూనె బొట్టుకు భయపడినవాడు, బెల్లాన్ని మాత్రం తిండిలో జమ వేయలేదు.

“కొరికి ఉమిసేయరాదా?” అంది పాపమ్మాళ్.

“బెల్లాన్ని ఉమిసేదా?” ఆయన ముఖం పాలిపోయింది. “ఈ పొయ్యి ముందర నిలబడుకోని అట్ల సేసేదా? మా నాయన పైనుంచి సూడడా?”

కొరక్కపోతే పాకం తప్పుతుంది. కొరికితే గోలు పోతుంది. ఆ రోజు గంజి కూడా తాగకుండా కూర్చున్నాడు. కూర్చుని కూర్చుని, పాకం ముదిరిందని పన్ను ఎట్లా చెబుతుందో ఆలోచించాడు. తలలో టక్కుమని ఒక చప్పుడు వస్తుంది, అంతే కదా! మర్నాడు ఉండను నోట్లో వేసుకోకుండా స్టీలు కంచంలోకి విసిరి చెవి ఒగ్గాడు. మొదటి రోజు రెండు బాణళ్లు లేతపాకమై మిఠాయి జిగురుగా సాగింది. “ఇన్నేళ్లకు ఇప్పుడా పాకం తప్పేది?” అని షెడ్డు సొంతదారు ముదలాళి అరిచాడు. పొట్లాలు చుట్టే ఆడవాళ్లు నవ్వారు. రామసుబ్బు తల వంచుకుని మళ్లీ విసిరాడు. వారం తిరిగేసరికి కంచం మోగే మోతలో లేతదేదో ముదురుదేదో చెవికి పట్టుబడింది.

మూడో నెల కాస్త అన్నం తిన్నాడు, కాస్త నూనె తిన్నాడు. కాటా ముల్లు మాత్రం దిగుతూ పోయింది. పోటీ రోజు గార్డు వేసుకుంటే ఆఖరి బెజ్జంలో బకిల్ పడింది. అంతా తను చెప్పిన పథ్యమేనని కార్తిక మురిసిపోయింది. తనదేనని నాగరాజన్ మీసం దువ్వాడు. రామసుబ్బు ఇద్దరికీ అవునన్నాడు.

సెమీఫైనల్లో ఒక్క గోలుతో ఓడిపోయారు. ఆ ఒక్కటీ పోయేలోపు ఆయన అయిదు ఆపాడు. చివర్లో మాధవన్ కూడా వచ్చి భుజం తట్టాడు.

చెమట తుడుచుకోవడానికి తువ్వాలు కోసం రామసుబ్బు పాపమ్మాళ్ వైరు బుట్టలో చెయ్యి పెడితే ఏదో పట్టీ తగిలింది. బయటికి లాగాడు. దళసరి గుడ్డను రెండు మడతలు వేసి, అంచులు మడిచి కుట్టి ఉంది. ఒక కొసకు బకిల్, ఇంకో కొసకు బెజ్జాలు.

“ఇదేమి పాపా?”

“నీ గార్డుకే. తగిలిస్తే పొడుగొస్తాది.”

“ఎప్పుడు కుట్టితివి?”

“అన్న ఆ మాట అన్న మర్నాడే.”

“మూడు నెల్లు నన్ను గంజి తాగించి దీన్ని దాచిపెట్టుకుంటివా?”

“ముందే ఇచ్చుంటే బెల్లం దగ్గరికి వచ్చుందుమా మనం? నువ్వు గోలులో నిలబడేది కావల్ల నాకు. దాని తర్వాత ఇంట్లో శానా ఏండ్లు ఉండేదీ కావల్ల.”

ఆమె తువ్వాలు తీసి ఆయన మెడ తుడవసాగింది. రామసుబ్బు పట్టీని అరచేతిలో పరిచి, వేళ్లు ఆనించి కొలిచాడు. సరిగ్గా నాలుగు వేళ్లు. ఆయన ఒక్క గ్రాము తగ్గకపోయినా ఈ రోజు గోలులో ఉండేవాడు.